డెత్ వ్యాలీ రేస్‌ట్రాక్ రోడ్డులో టైరు పంక్చరైతే ఇలా సరిచేశాను
అమెరికాలోని డెత్ వ్యాలీ ఎడారిలో ఉబెహీబీ క్రేటర్ (అగ్నిపర్వత బిలం) దగ్గర తారు అయిపోయాక రేస్‌ట్రాక్ (ఎండిపోయిన సరస్సు) దాకా సుమారు 27 మైళ్లు మట్టి రోడ్డే, రేకుల షెడ్డు పైకప్పులా గట్లు గట్లుగా, మధ్యమధ్యలో పదునైన రాళ్లు. టీకెటిల్ జంక్షన్ దాటాక వెనక టైరు దిగిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. రాయి ట్రెడ్‌లోనే, అంటే రోడ్డుకి ఆనే భాగంలోనే గుచ్చుకుంది కాబట్టి (టైరు పక్కభాగం కోసుకుపోతే రంధ్రం మూసే రబ్బరు ప్లగ్ ఆగదు, స్పేర్ వేయాల్సిందే) చక్రం విప్పకుండానే రాయి పీకి, రీమర్ అనే గరుకు సూదితో రంధ్రం సాఫు చేసి, జిగురు పూసిన ప్లగ్ గుచ్చి, కారులోని 12 వోల్ట్ సాకెట్‌కి పెట్టే చిన్న కంప్రెసర్‌తో గాలి పట్టాను. ఆ టైంలో ఇంజిన్ ఆన్‌లో ఉంచండి, బ్యాటరీ కూడా పోతే ఇంకో టెన్షన్. సబ్బు నీళ్లు లేక తాగే నీళ్లే పోసి చూశా, బుడగలు రాలేదు. మిగతా మూడు టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే కుదుపు బాగా తగ్గింది, తారు ఎక్కగానే మళ్లీ నింపాను.