ఉల్లి ధరల వెబ్ సేవను రద్దీకి తగ్గట్టు విస్తరించడం ఎలా?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర ఎంత పలికిందో చూపే వెబ్ సేవను మీరు నిర్మిస్తున్నారనుకుందాం. రోజులో చాలాసేపు ఖాళీగా ఉండే ఈ సేవ మీదికి, వేలం ధరలు వెలువడగానే వేలమంది ఒక్కసారిగా వస్తారు. రేపు సరుకు తోలాలా, ఇంకో వారం ఆగాలా అని కోడుమూరు రైతు తేల్చుకునేది అప్పుడే కనుక, సరిగ్గా ఆ వేళకు సేవ ఆగిపోకూడదు.

మొదట కొలవండి. జేమీటర్ వంటి సాధనంతో కృత్రిమంగా రద్దీ సృష్టించి, సగటు సమయాన్ని కాక, 100 రిక్వెస్టుల్లో 99 ఎంతలోపు పూర్తవుతున్నాయో చూడండి. అన్ని పనులూ ఒకే ప్రోగ్రాములో ఉండే మోనోలిత్ చాలినంత కాలం దాన్ని మార్చనవసరం లేదు. ర్యామ్, ప్రాసెసర్ పెంచితే కొంతకాలం గడుస్తుంది. అయితే ఆ ఒక్క యంత్రం ఆగితే అంతా ఆగుతుంది కాబట్టి, రెండో సర్వర్ అవసరమవుతుంది.

దానికి ముందు లాగిన్ వంటి సెషన్ సమాచారాన్ని సర్వర్ మెమరీలోంచి తీసేయండి. 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధన గ్రంథంలో వివరించిన, వెబ్ సేవలను నిర్మించే రెస్ట్ పద్ధతి ప్రకారం, ప్రతి రిక్వెస్టూ తనకు కావలసిన సమాచారాన్నంతా తనతోనే తేవాలి. అలా చేస్తే, వచ్చే రద్దీని సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్ ఏ రిక్వెస్టునైనా ఏ సర్వర్‌కైనా పంపగలదు.

రెస్ట్ వల్ల రెండో ప్రయోజనం క్యాషింగ్, అంటే ఒకసారి ఇచ్చిన జవాబును దాచుకుని మళ్లీ వాడడం. ధరను గెట్ రిక్వెస్టుతో (సమాచారాన్ని చదవడానికే వాడే రిక్వెస్టు) అందించి 60 సెకన్ల గడువు పెడితే, ఆ నిమిషంలో వచ్చే వేల రిక్వెస్టులకు, సర్వర్ల ముందు నిలిచే ఎంజినెక్స్ అనే ప్రోగ్రాము క్యాషే జవాబిస్తుంది. సోప్ అనే మరో పద్ధతిలోని సేవలు సాధారణంగా పోస్ట్ (సమాచారాన్ని పంపడానికి వాడే రిక్వెస్టు) మీద నడుస్తాయి కనుక వాటికి ఈ వెసులుబాటు దాదాపు ఉండదు. గడువు తీరిన క్షణంలో అందరూ ఒకేసారి వెనుక సర్వర్ మీద పడకుండా, ఎంజినెక్స్‌లోని ప్రాక్సీ క్యాష్ యూజ్ స్టేల్ సెట్టింగులో ‘అప్‌డేటింగ్’ను తప్పక పెట్టండి; ఒక రిక్వెస్టు కొత్త ధర తెచ్చేలోగా మిగతావాటికి పాత జవాబే వెళ్తుంది.

చాలామంది సర్వర్లు పెంచుకుంటూ పోయి డేటాబేస్‌ను మరచిపోతారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో కనెక్షన్ల పరిమితి మామూలుగా 100. సర్వర్‌కు 20 కనెక్షన్ల చొప్పున తీసుకుంటే ఆరో సర్వర్ చేర్చేసరికి 120 అడుగుతారు, కొన్నిటికి దొరకవు. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది కాబట్టి ఆ పరిమితిని ఊరికే పెంచడం పరిష్కారం కాదు. కొద్ది కనెక్షన్లనే అన్ని సర్వర్లకూ పంచే పీజీబౌన్సర్‌ను మధ్యలో పెట్టండి. చదివే భారాన్ని రెప్లికాలకు, అంటే డేటాబేస్ నకళ్లకు, మళ్లించవచ్చు గానీ, అవి కాస్త వెనుకబడి ఉంటాయి. అందుచేత ధర నమోదు చేసిన ఉద్యోగికి దాన్ని అసలు డేటాబేస్ నుంచే చూపించండి. లేకుంటే నమోదు కాలేదనుకుని మళ్లీ ఎక్కిస్తారు.

ప్రోగ్రామును మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న సేవలుగా, విడదీయడం చివరి మాట. ఒక్కొక్కటి 99.9 శాతం సమయం పనిచేసే ఐదు సేవలు, ఒకదాని మీద ఒకటి ఆధారపడితే, మొత్తం లభ్యత సుమారు 99.5 శాతానికి దిగుతుంది. అందుకే ధర చూడడానికి అవసరం లేని పనినే ముందు వేరు చేయండి. రైతులకు ఎస్సెమ్మెస్‌లు పంపే పని అలాంటిది: దాన్ని క్యూలో (పనులు వంతు కోసం ఆగే వరుసలో) పెడితే సందేశాలు కొన్ని నిమిషాలు ఆలస్యమైనా ధరల పేజీ మాత్రం తెరుచుకుంటూనే ఉంటుంది.