మా చిట్టికి మూత్రం మంట: కల్చర్‌లో దొరకని క్రిమి

మా లాబ్రడార్ కుక్క చిట్టికి తొమ్మిదేళ్లు. గంటకోసారి గుమ్మం దగ్గరికి పరుగు. వచ్చేది నాలుగు చుక్కలు, అందులో నెత్తురు జీర. రెండు కోర్సుల యాంటీబయాటిక్ వాడాం, ఆపిన వారానికే మళ్లీ మొదలు. కల్చర్‌లో (మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదన్నారు. మరి మూత్రానికి ఆ అమోనియా ఘాటు, పీహెచ్ 8 (అంటే క్షార గుణం) ఎందుకు?

రెండో డాక్టరుగారు స్కాన్ చూస్తూ సూదితో మూత్రాశయం నుంచే శాంపిల్ తీశారు. క్రిములు పెంచే ప్లేటును 24 గంటలకే పారేయకుండా 72 గంటలు ఉంచమని ల్యాబ్‌కి రాశారు. మూడో రోజు దొరికింది: కోరినీబాక్టీరియం యూరియాలిటికమ్. నిదానంగా పెరిగే రకం. మూత్రంలోని యూరియాను అమోనియాగా విడగొట్టి (ఆ ఘాటు, పీహెచ్ అందుకే), మూత్రాశయం గోడకు సున్నంలా పెచ్చు కట్టిస్తుంది. ఆ పెచ్చు చాటున ఉంటే మందు సరిగ్గా అందదట.

ఆపరేషన్‌లో పెచ్చులు గీకి తీసి, సెన్సిటివిటీ రిపోర్టు (క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పేది) చూసి మందు మార్చారు. కోర్సు అయ్యాక మళ్లీ కల్చర్ చేయించాం, క్రిమి లేదు. ఇప్పుడు రాత్రిళ్లు నన్ను లేపడం లేదు.