మిషన్ సేవకు దంపతులుగా విదేశం వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వీసా: టూరిస్ట్ వీసా మీద వెళ్లి సువార్త పని చేయొద్దు. పట్టుబడితే వెనక్కి పంపేస్తారు, మళ్లీ రానివ్వకపోవచ్చు, మిమ్మల్ని పిలిచిన స్థానిక సంఘం (చర్చి) కూడా చిక్కుల్లో పడుతుంది.

ఎల్లో ఫీవర్ టీకా: అడిగే దేశమైతే ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, సర్టిఫికెట్ ఆ తర్వాతే చెల్లుతుంది.

డబ్బు: మొదటి నెలల్లో ఎవరి చేతికీ నేరుగా ఇవ్వకండి. చంటిపిల్లతో గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూస్తే మనసాగదు, నిజమే, కానీ ఆమెకిచ్చాక పక్కింటివాళ్లకు ఏం చెప్తారు? సంఘ పెద్దల్ని అడిగి ఇవ్వండి.

ఇద్దరికీ పని ఉందా? ఒకరు ఊరంతా తిరుగుతుంటే, రెండోవాళ్లు భాష రాక ఇంట్లో నీళ్లు కాచుకుంటూ కూర్చుంటే గొడవలు మొదలయ్యేది అక్కడే. భాష ఇద్దరూ నేర్చుకోవాలి.

అక్కడి పిల్లల ఫొటోలు: వాళ్ల ఇంటి పెద్దల్ని అడగకుండా పోస్ట్ చేయొద్దు.