రియల్‌టైమ్ కెర్నల్ దాకా వెళ్లకముందే చేయాల్సినవి

లినక్స్‌లో రికార్డింగ్ చేసేటప్పుడు బఫర్ (శబ్దాన్ని కాసేపు నిలిపి ఉంచే మెమరీ) తగ్గించగానే పటపట శబ్దాలొస్తే, కొత్త కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) కంపైల్ చేయడానికి తొందరపడకండి. కెర్నల్ వెర్షన్ 5.12 నుంచి డైనమిక్ ప్రీఎంప్ట్‌తో (అత్యవసర పని వస్తే నడుస్తున్న పనిని ఎంతవరకు ఆపాలో మార్చుకునే వీలుతో) కట్టిన కెర్నల్‌ని బూట్ ఆప్షన్‌తోనే మార్చుకోవచ్చు. గ్రబ్ (బూట్ లోడర్) సెట్టింగ్స్‌లో కెర్నల్ కమాండ్ లైన్‌కి ‘ప్రీఎంప్ట్=ఫుల్’, ‘థ్రెడ్‌ఐఆర్‌క్యూస్’ (ఇంటరప్ట్‌లను, అంటే పరికరాల పిలుపులను, వేరే థ్రెడ్‌లుగా నడిపేది) చేర్చి, గ్రబ్‌ని అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి. డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్‌లో) ‘డైనమిక్ ప్రీఎంప్ట్: ఫుల్’ అన్న లైను కనిపించాలి.

రెండో ఆప్షన్ ఒక్కటే పెట్టి వదిలేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. ఇంటరప్ట్ థ్రెడ్‌లన్నీ 50 ప్రయారిటీతోనే మొదలవుతాయి కాబట్టి సౌండ్ కార్డూ వైఫై కార్డూ ఒకే వరుసలో నిలబడతాయి. ఈ థ్రెడ్‌ల ప్రయారిటీ మార్చే ఆర్‌టీఐఆర్‌క్యూ ప్యాకేజీ వేస్తే సౌండ్ కార్డు ముందుకొస్తుంది.

తర్వాత లిమిట్స్ ఫైల్‌లో ఆడియో గ్రూపుకి ఆర్‌టీప్రయో (రియల్‌టైమ్ ప్రయారిటీ పరిమితి) 95, మెమ్‌లాక్ (స్వాప్‌కి పోకుండా ర్యామ్‌లోనే ఉంచగల మెమరీ పరిమితి) అన్‌లిమిటెడ్ ఇవ్వండి. 99 మాత్రం వద్దు, కెర్నల్ సొంత కీలక థ్రెడ్‌లు అక్కడ నడుస్తాయి. మెమ్‌లాక్ లేకపోతే ఆడియో మెమరీ స్వాప్‌లోకి పోయి, వెనక్కి వచ్చేలోపు శబ్దం తెగుతుంది. మీ యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. చాలామంది ఇది మర్చిపోతారు, అందుకే పని చేయదు.

సీపీయూ గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే సెట్టింగ్) ‘పర్ఫార్మెన్స్’లో ఉంచండి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ అయితే జాక్‌లో (లినక్స్ ఆడియో సర్వర్‌లో) 48,000 హెర్ట్జ్, 128 ఫ్రేములు, 3 పీరియడ్‌లు (బఫర్‌లోని భాగాలు, ఒక్కోటి 128 ఫ్రేములు) పెట్టండి: బఫర్ సరిగ్గా 8 మిల్లీసెకన్లు. గిటార్‌కి ఇది హాయిగా సరిపోతుంది. అప్పటికీ ఎక్స్‌రన్‌లు (బఫర్ సమయానికి నిండక లేదా ఖాళీ కాక శబ్దం తెగడం) వస్తుంటే, 2024లో ప్రధాన కెర్నల్ 6.12లో కలిసిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ (రియల్‌టైమ్ కెర్నల్) వైపు వెళ్లండి.