పాత ట్రాక్టర్ కొంటున్నారా? ఆర్సీ రెన్యువల్, పేరు మార్పు దరఖాస్తు విధానం

పాత ట్రాక్టర్ బేరానికి వెళ్తే ఎవరైనా ముందు టైర్లు చూస్తారు, సెల్ఫ్ కొట్టించి పొగ రంగు చూస్తారు. నేను మాత్రం ముందు ఒక పాత గుడ్డ, కాస్త డీజిల్, ఒక పెన్సిల్ అడుగుతాను. చాసిస్ నంబర్ మీద పేరుకున్న గ్రీజు, మట్టి తుడిచి, పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌ని అడ్డంగా రుద్దితే నంబర్ అచ్చు తేలుతుంది. ఇంజిన్ నంబర్‌కీ అంతే. ఈ రెండు అచ్చులూ ఆర్సీతో అక్షరం తేడా లేకుండా కలిస్తేనే ధర మాట.

ఈ జాగ్రత్త చేతులు కాలాకే వచ్చింది. చీపురుపల్లి వైపు ఒక ఊళ్లో హెచ్ఎంటీ 2511 కొన్నాను. రెండు సిలిండర్ల బండి, చలికాలం పొద్దున్నే కూడా ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. ఆ శబ్దానికే పడిపోయి డబ్బులిచ్చేశాను. తనిఖీకి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వంగి చూసి, "ఏటి బాబూ, ఇంజిన్ మీదొక నంబరు, కాయితం మీదొక నంబరా?" అన్నారు. పాత ఓనర్ ఎప్పుడో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయించాడట. బిల్లు లేదు, ఆఫీసుకు చెప్పిందీ లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పు లాంటివి రవాణా శాఖకు తెలిసి జరగాలి, ఆర్సీలో ఎక్కాలి. నాలుగు నెలలు తిరిగాను, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

వింటేజ్ నంబర్ సంగతి

చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇదే: "మాది మా తాత కొన్న బండి, వింటేజ్ (అపురూపంగా దాచుకునే పాతకాలపు బండి) కింద రాయించుకోవచ్చా?" కుదరదు. కేంద్రం 2021 జూలైలో తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్లకు, కార్లకు మాత్రమే. ట్రాక్టర్ ఆ లెక్కలోకి రాదు. వచ్చినా మనకు నష్టమే, ఎందుకంటే వింటేజ్ నంబర్ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. దుక్కి దున్నాలన్నా, ధాన్యం మిల్లుకు తోలాలన్నా పాత ట్రాక్టర్ మామూలు వ్యవసాయ ట్రాక్టర్‌గానే ఉండాలి.

అలా ఉండటానికి వయసు అడ్డం కాదు. వ్యవసాయ ట్రాక్టర్ నాన్ ట్రాన్స్‌పోర్ట్, అంటే బాడుగకు తిప్పని బండి కాబట్టి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి బాగుంటే ఐదేసి ఏళ్ల చొప్పున రెన్యువల్ చేస్తారు. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదన్న మాట ఢిల్లీ ప్రాంతానిది, మన ఆంధ్రప్రదేశ్‌లో లేదు.

ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుంచుకోండి. ప్రభుత్వ శాఖలు, మున్సిపాలిటీలు, ప్రభుత్వ రంగ సంస్థల పేరు మీద ఉన్న బళ్లకు 15 ఏళ్లు నిండితే 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు, అవి తుక్కుకే వెళ్లాలి. ఎవరైనా "వేలంలో వచ్చిన బండి, చవగ్గా ఇస్తా" అంటే ముందు ఆర్సీలో ఓనర్ పేరు చదవండి.

ఏది ముందు, ఏది వెనక

ఆర్సీ గడువు తీరిపోయి ఉంటే పాత ఓనర్ పేరు మీదే ముందు రెన్యువల్ చేయించి, ఆ తర్వాత పేరు మార్పుకు వెళ్లండి. రెన్యువల్‌కు ఫారం 25. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆలస్యమైతే ఫీజుతో పాటు నెల లెక్కన అదనపు రుసుము పడుతుంది. కేంద్ర నిబంధనల్లో బైకులు కాని నాన్ ట్రాన్స్‌పోర్ట్ బళ్లకు అది నెలకు 500 రూపాయలు. ఆరేళ్లు షెడ్డులో పడున్న బండికి ఎంతవుతుందో లెక్కేసుకుని, ఆ మొత్తం ఎవరు కట్టాలో బేరంలోనే తేల్చుకోండి. తర్వాత అడిగితే అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తరు.

పేరు మార్పుకు ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 ఒకటి. 29 అమ్మినవారి వైపు నుంచి వెళ్లే సమాచారం. అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో ఇవ్వాలి. కొన్నవారికి 30 రోజులు గడువు. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని జేబులో పెట్టుకోవడం మన వైపు అలవాటు. కానీ అప్పటిదాకా ఆ బండి రికార్డులో పాత ఓనర్‌దే. యాక్సిడెంట్ జరిగితే నోటీసు వెళ్లేది ఆయన ఇంటికే.

దరఖాస్తు పరివాహన్ పోర్టల్‌లో. సొంతంగా చేసుకోలేకపోతే నెట్ సెంటర్‌లో చేయిస్తారు. బండి నంబర్, చాసిస్ నంబర్‌లోని చివరి ఐదు అక్షరాలు కొడితే వివరాలు తెరుచుకుంటాయి. పాత బండికి చిక్కు వచ్చేది ఇక్కడే. 1989కి ముందు నంబర్లు మూడక్షరాలు, ఆ తర్వాత అంకెలతో ఉండేవి. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం అన్న తీరు తర్వాత వచ్చింది, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. పాత నంబర్ బళ్ల వివరాలు రిజిస్టర్ పుస్తకాల్లోంచి కంప్యూటర్‌కు ఎక్కకపోయి ఉండొచ్చు, ఎక్కినా అక్షరం తప్పు పడి ఉండొచ్చు. అప్పుడు పోర్టల్‌తో కుస్తీ పట్టకుండా ఒరిజినల్ ఆర్సీ పుస్తకం, పెన్సిల్ అచ్చులు పట్టుకుని నేరుగా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డును కంప్యూటర్‌కు ఎక్కించడం కోసం రాసివ్వండి. ఏ ఆఫీసో కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఆర్సీ మీద మాత్రం శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది.

లేని బ్యాంకు అప్పు

ఆర్సీలో ఫైనాన్స్ గడి ఖాళీగా లేకపోతే, అప్పిచ్చినవాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా పేరు మారదు. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆ ఎంట్రీ తీయించుకున్నవాళ్లు తక్కువ. దీనికి ఫారం 35 మీద బ్యాంకు సంతకం, ముద్ర కావాలి. పాత ఆర్సీల్లో శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు అని ఉంటుంది, ఆ బ్యాంకు ఇప్పుడు ఆ పేరుతో లేదు. 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది, అది 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఆంధ్రా బ్యాంకు అని ఉంటే 2020 నుంచి యూనియన్ బ్యాంకు. అప్పిచ్చిన పాత బ్రాంచి ఊరు ఏదో పట్టుకుని అక్కడికే వెళ్లండి. అప్పు ఖాతా నంబర్ ఉన్న పాత పాస్‌బుక్ గానీ, కట్టిన రసీదు గానీ ఉంటే పని సగం అయినట్టే.

ఒడిశా బండ్లు

ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వాళ్లకు బరంపురం, పర్లాకిమిడి బేరాలు మామూలే. అక్కడి బండికి ముందు ఆ ఆర్టీఓ నుంచి ఫారం 28లో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. బండి దొంగతనం కేసులో లేదని, పన్ను బాకీ లేదని చూశాకే అది ఇస్తారు. ఎన్ఓసీ చేతికొచ్చాక ఇక్కడ కొత్త నంబర్‌కు ఫారం 27, పేరు మార్పుకు పైన చెప్పినవే. ఎన్ఓసీ తర్వాత ఇస్తామంటే బేరం కూడా తర్వాతే అనండి.

ఓనర్ చనిపోయి ఉంటే దారి వేరు. కొడుకు సంతకంతో అమ్మకం చెల్లదు. ముందు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుకోలుతో ఫారం 31 పెట్టి బండి వారసుడి పేరు మీదికి రావాలి. చనిపోయిన సంగతి 30 రోజుల్లో తెలియజేయాలని, మూడు నెలల్లో బదిలీకి దరఖాస్తు పెట్టాలని నిబంధన. అన్నదమ్ముల తగవున్న ఇంట్లో బండి కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తనిఖీ రోజు

రెన్యువల్‌కు బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. స్లాట్‌కు రెండు రోజుల ముందే మెకానిక్ దగ్గర పెట్టండి. ఎడమ, కుడి బ్రేకులు రెండూ సమానంగా పట్టాలి. పొలంలో మలుపు కోసం ఒక పెడలే తొక్కి తొక్కి ఒకవైపు లైనర్ అరిగిపోయి ఉంటుంది. రోడ్డు మీద రెండు పెడళ్లనూ కలిపే లాక్ ఉండాలి, చాలా పాత బళ్లకు అది ఊడిపోయి ఉంటుంది. హెడ్ లైట్లు, హారన్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు చూసుకోండి. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ మారిస్తే నల్లపొగ కొంత తగ్గుతుంది. నంబర్లు కొట్టిన చోట మాత్రం పెయింట్ వేయించకండి. కొత్తగా రంగేసిన చాసిస్ నంబర్ చూస్తే ఎవరికైనా అనుమానమే. బండిని రోడ్డు మీదే నడిపించుకెళ్లాలి కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ముందే ఉండాలి. పేరు మారాక ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా 14 రోజుల్లో తెలియజేసి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోండి.

ఇక ట్రక్కు, అంటే వెనక తగిలించే ట్రైలర్. దానికి నంబర్ వేరు, ఆర్సీ వేరు. ఇంజిన్‌తో (అంటే ట్రాక్టర్‌తో) పాటు ట్రక్కు కూడా కొంటే దానికీ విడిగా దరఖాస్తు పెట్టాలి. ఆర్సీ లేని ట్రక్కులు ఊళ్లలో చాలా తిరుగుతుంటాయి. అలాంటిది అంటగట్టబోతే వద్దనేసి ఇంజిన్ ఒక్కదానికే ధర కట్టించుకోండి.