కీ తీసినా కెమెరా ఆగడం లేదా? బండిలో కీ కరెంటు పట్టుకునే పద్ధతి

ముక్కనుమ నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. భోగికి ముందు రోజు సాయంత్రం ఇంటి ముందు ఆపిన పికప్ బండి. కొబ్బరికాయల లోడుతో అంబాజీపేట వెళ్లాలి. సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటోంది తప్ప ఇంజిన్ తిరగడం లేదు. వెళ్లి చూస్తే అద్దం మీద కొత్త డాష్ కెమెరా ఉంది. కీ డ్రైవరు జేబులో ఉంది, కెమెరా మూలన ఎర్ర లైటు మాత్రం మిణుకుమంటూనే ఉంది. "పండక్కి ముందే పెట్టించానండి. కీ తీసినా రికార్డింగ్ అవుతోంది, మంచిదే కదా అనుకున్నానండి" అన్నాడాయన.

మీటరు పెడితే కెమెరా 0.4 ఆంపియర్లు లాగుతోంది. చూడ్డానికి చిన్న అంకె, ఒక్క రాత్రికైతే బ్యాటరీకి తెలియను కూడా తెలియదు. మూడున్నర రోజులంటే 84 గంటలు, అంటే దాదాపు 34 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది). 75 ఏహెచ్ బ్యాటరీలో ఇంచుమించు సగం. కొత్తదైతే ఎలాగో నెట్టుకొచ్చేది, మూడేళ్లు వాడినది కాబట్టి చేతులెత్తేసింది.

కెమెరా, జీపీఎస్, చార్జరు, ఫాగ్ లైట్లు ఏవి పెట్టించినా, తర్వాత వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం కరెంటు ఎక్కడి నుంచి తీశారన్న దగ్గరే తేలతాయి. అందుకే ఒక్కో లక్షణం పట్టుకుని వెళ్దాం.

కీ తీసినా వెలుగుతోంది, బ్యాటరీ దిగిపోతోంది

పైన చెప్పిన బండి కథే ఇది. వైరు డైరెక్ట్ కరెంటుకు, అంటే కీ తీసినా బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే లైనుకు కలిపారు. దాన్ని కీ తిప్పినప్పుడే వచ్చే లైనుకు మార్చాలి. ఆ లైను వెతకడమే అసలు పని.

కీకి నాలుగు స్థానాలు ఉంటాయి: ఆఫ్, ఏసీసీ (ఇంజిన్ లేకుండా రేడియో లాంటివి పనిచేసేది), ఆన్, స్టార్ట్. కొన్ని బళ్లలో ఏసీసీ విడిగా ఉండదు. మనకు కావలసింది ఆఫ్‌లో చచ్చిపోయి, ఆన్‌లో బతికే లైను. ఎర్ర వైరు డైరెక్టు, పసుపు వైరు కీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. కంపెనీని బట్టి, మోడల్ని బట్టి రంగులు మారతాయి. పాత బండి అయితే మధ్యలో ఎవరో మార్చి టేపు చుట్టేసి కూడా ఉంటారు.

టెస్ట్ ల్యాంప్ తీసుకోండి, అంటే ఒక చివర క్లిప్పు, ఇంకో చివర ముల్లు, లోపల బల్బు ఉండేది. దాని క్లిప్పు పెయింటు లేని బోల్టుకు పెట్టండి. ముందు డైరెక్ట్ ఫ్యూజ్ ఒకదాని మీద ముల్లు ఆనించి బల్బు వెలుగుతోందో లేదో చూడండి. వెలక్కపోతే మీ ఎర్తే (బండి బాడీతో క్లిప్పు కలిసిన చోటు) సరిగా లేదు, ఇక ఆ తర్వాత చూసేదంతా తప్పే. ఫ్యూజ్ తల మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి, ఫ్యూజ్ పీకకుండా వాటినే ముట్టించవచ్చు. ఒక్కో ఫ్యూజ్‌ను నాలుగు స్థానాల్లోనూ చూసి కాగితం మీద రాసుకోండి. స్టార్ట్‌లో చూసేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉండాలి, పక్కన మనిషి ఉండాలి.

మల్టీమీటరు ఉన్నా ఇక్కడ బల్బే మేలంటాను. తుప్పు పట్టిన వైరు చివర కూడా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటు లాగదు. బల్బు లాగుతుంది, లోపల సత్తువ లేకపోతే మసకగా వెలుగుతుంది. అయితే ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), సెన్సార్ వైర్ల మీద మాత్రం టెస్ట్ ల్యాంప్ అసలు పెట్టకూడదు. ఆ బల్బు లాగే కరెంటుకే లోపలి సర్క్యూట్ పాడైపోవచ్చు.

వైపర్, సిగరెట్ లైటర్, బ్లోవర్ ఫ్యూజులు సాధారణంగా కీ మీద ఉంటాయి, వాటితో మొదలుపెట్టండి. ఈసీఎం, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజుల జోలికి వెళ్లకండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో పొగను శుద్ధి చేసే యూరియా సిస్టమ్ ఉంటే దాని ఫ్యూజును కూడా వదిలేయండి. అక్కడ వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా డాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు వెలుగుతుంది, బండి శక్తి తగ్గించేసుకుంటుంది.

లైను దొరికాక వైరు చెక్కి మెలిపెట్టి టేపు చుట్టకండి. ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది, పాత ఫ్యూజ్‌తో పాటు మన ఫ్యూజ్ కూడా అందులోనే కూర్చుంటుంది. మినీ, మామూలు, లో ప్రొఫైల్ అని సైజులు వేరు, బండిలో ఉన్నదే కొనాలి. కెమెరాకు 3 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. ట్యాప్ సరైన వైపు పెట్టామా అన్నది తెలుసుకోవడం తేలిక. ట్యాప్‌లోంచి పాత ఫ్యూజ్ పీకి కీ ఆన్ చేయండి. కెమెరాకు కరెంటు వస్తుంటే సరిగ్గా పెట్టినట్టు. రాకపోతే మన లోడు కూడా పాత ఫ్యూజ్ మీదే పడుతోంది, ట్యాప్‌ను తిప్పి పెట్టాలి.

సెల్ఫ్ కొట్టగానే కెమెరా ఆగి మళ్లీ మొదలవుతోంది

స్టార్ట్ స్థానంలో ఏసీసీ లైను ఆగిపోతుంది, అది దాని స్వభావం. కెమెరాకైతే నష్టం లేదు. కీ ఆన్‌లో ఉందో లేదో జీపీఎస్‌కు తెలిపే ఇగ్నిషన్ వైరుకైతే బండి ఆగినట్టు లెక్కలోకి వెళ్లే అవకాశం ఉంది. ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ ఆరకుండా ఉండే లైను మీ కాగితంలో వెతికి దానికి మార్చండి. మార్చినా ఆగుతుంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 9.5 వోల్టుల కిందికి పడుతుంటే బ్యాటరీ అయినా పోయుండాలి, టెర్మినల్ అయినా వదులై ఉండాలి.

రాత్రి పూట మాత్రమే పనిచేస్తోంది

పార్కింగ్ లైటు లైనులో కలిపారు. ఇంకేం వెతకక్కర్లేదు, మార్చడమే.

బల్బు వెలుగుతుంది, వస్తువు మాత్రం పనిచేయదు

మన డెల్టాలో ఇది ఎక్కువ. భీమవరం, ఆకివీడు వైపు చేపలు, రొయ్యలు మోసే బళ్లలో ఐసు కరిగిన నీళ్లు ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. ఉప్పు నీళ్ల రొయ్యలైతే ఇక చెప్పక్కర్లేదు. ఎర్త్ బోల్టు విప్పితే లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) కింద పచ్చటి పొడి రాలుతుంది. వైరు పైతొడుగు కోసి చూస్తే రాగి నల్లబడి, వేలితో నలిపితే పొడిపొడిగా ఊడిపోతుంది. పైకి మాత్రం కొత్త వైరులాగే ఉంటుంది.

వస్తువు ఆన్‌లో ఉండగా దాని నల్ల వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ చూడండి. అర వోల్టు దాటితే ఎర్త్ చెడింది. రాగి మెరిసేదాకా వైరు కోసి, కొత్త లగ్గు క్రింప్ చేసి, లోహం తేలేదాకా బోల్టు చోటు గీకి, బిగించాక పైన గ్రీజు పూయండి. కరెంటు వెతకడానికి వైరుకు సూది గుచ్చే అలవాటు కూడా ఇక్కడ మానుకోవాలి. ఆ చిన్న రంధ్రంలోంచి తేమ దిగి ఏడాది తిరిగేసరికి లోపల పచ్చబడిపోతుంది.

ఫాగ్ లైట్లు వేస్తే ఫ్యూజ్ పోతోంది, స్విచ్ కాలుతోంది

55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు, 12 వోల్టుల మీద 9 ఆంపియర్ల పైనే. కీ లైను దాన్ని మోయదు. పెద్ద ఫ్యూజ్ వేస్తే ఫ్యూజ్ పోదు, వైరు కాలుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టండి: 30 పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా డైరెక్ట్ కరెంటు, 87 నుంచి లైట్లకు, 86కు స్విచ్ మీదుగా కీ కరెంటు, 85కు ఎర్త్. ఆ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి.

లారీలో ఒక బ్యాటరీ మాటిమాటికీ పోతోంది

లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు. మ్యూజిక్ సిస్టమ్‌కు 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచి తీసేస్తారు. డైనమో చార్జింగ్ రెండింటికీ ఒకేలా వెళ్తుంది, వాడకం మాత్రం ఒకదాని మీదే పడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా రెండింటినీ విడివిడిగా చూస్తే ఒకటి 13.2, ఇంకొకటి 14.8 అన్నట్టు తేలుతుంది. మొత్తం 28 వస్తోంది కాబట్టి డైనమోకు అంతా బాగున్నట్టే లెక్క. వాడే బ్యాటరీ ఎప్పటికీ నిండదు, రెండోది ఎక్కువ చార్జింగ్‌తో నీళ్లు ఆరిపోతుంది. దీనికి 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టాలి. దాని ఇన్‌పుట్‌ను కీ కరెంటు మీద పెట్టండి, లేకపోతే ఖాళీగా ఉన్నా అది కొంచెం లాగుతూనే ఉంటుంది. లారీలో రిలే కూడా 24 వోల్టులదే వేయాలి.

పని అయ్యాక బండి ఇచ్చేముందు కీ తీసి, తలుపులు మూసి, పావుగంట ఆగండి. బ్యాటరీ నెగటివ్ లగ్గు విప్పి, దానికీ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టండి. మీటరు అలా ఉండగా కీ తిప్పారో, మీటరు ఫ్యూజ్ పోతుంది. చిన్న బండికి 0.05 ఆంపియర్ల లోపు వస్తే సరే. ఆ కొబ్బరికాయల బండికి వైపర్ ఫ్యూజ్ దగ్గర ట్యాప్ పెట్టాక 0.02 చూపించింది.