గూగుల్ చేసే ముందు ఒక్క ఊహ

ఏదైనా డౌటు రాగానే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది కదా. అర నిమిషం ఆగి, జవాబు ఏమై ఉంటుందో మీరే ఊహించి కాగితం మీద గీకండి. తప్పయినా పర్లేదు.

ఈమధ్య రాత్రి ఇడ్లీ పిండి కలుపుతుంటే మా అమ్మాయి "పొద్దున్నకి ఇదెలా పొంగుతుంది?" అనడిగింది. "నువ్వే చెప్పు" అన్నాను. "గాలికి" అని క్యాలెండర్ వెనక రాసింది. తెల్లారి మూత తీసి, గరిటెతో బుడగలు చూపించి, పిండిలో బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్ అని చెప్పాను. "అయితే గాలేగా!" అంది. ఇంకా మర్చిపోలేదు.

తెలిసినదానికీ తెలుసుకోవాలనిపించేదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడే కుతూహలం పుడుతుందని అమెరికన్ పరిశోధకుడు జార్జ్ లోవెన్‌స్టైన్ 1994లో రాశాడు. ఊహ ఆ ఖాళీని కళ్లముందు పెడుతుంది. ఏమీ తెలియని విషయం మీద మనకసలు దురదే పుట్టదు!

ఇంకోటి. 2014లో కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్) పరిశోధకులు కొంతమందిని ప్రశ్న అడిగి, జవాబుకి కొన్ని సెకన్లు ఆపి, ఈలోపు సంబంధంలేని ముఖాలు చూపించారు. జవాబు కోసం బాగా తహతహలాడినప్పుడు చూసిన ముఖాలు కూడా ఎక్కువ గుర్తున్నాయి. అది చదివాక నేను మా అబ్బాయికి ఎక్కాలు చెప్పేముందు ఒక పొడుపు కథ వేసి, విప్పడం చివరికి పెడుతున్నాను. మరీ సాగదీయకండి, పది నిమిషాలు దాటితే మావాడు లేచిపోతాడు.